నాకు కనిపించేలా నిలబడు

బండి వెనక్కి తీసేటప్పుడు మోర్వెనా నిలబడే చోటు ఒకటుంది. వెనక చక్రానికి కాస్త ఎడంగా, డ్రైవరు పక్క అద్దంలో నిలువెత్తున పడేలా. లోపలే పడకా వంటగదీ ఉన్న ఆ పాత క్యాంపర్ బండి కొన్నప్పటి నుంచీ ఏ ఊళ్లో ఏ క్యాంపుకి వెళ్లినా ముందు ఆమె దిగుతుంది. ఎర్ర కోటు తొడుక్కుని ఆ చోట నిలబడుతుంది. రెండు చేతులూ తన వైపుకి ఊపితే రమ్మని, ఒక చెయ్యి చాపితే అటు తిప్పమని, అరచేయి చూపిస్తే ఆగమని. అప్పటికే బండ్లు పెట్టుకుని, ముందు కుర్చీలు వేసుకున్న వాళ్లంతా గ్లాసులు చేత పట్టుకుని చూస్తుంటారు. క్యాంపుల్లో సాయంత్రం పూట టీవీతో పనిలేదు. కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్లాలు బండి పెట్టుకోవడం చూస్తే చాలు.

"నాకు కనిపించేలా నిలబడు" అని హెడ్లీ కిటికీలోంచి అరిచాడు.

ఆమె కనిపించేలానే నిలబడింది. ఫ్రాన్స్‌లో దొర్దోన్ నది ఒడ్డున, అక్రోటు చెట్ల కింద, ఎండ ఇంకా బాగా ఉండగానే. ఆ మాట ఈ మధ్య ప్రతి చోటా అంటున్నాడు. చలికాలం స్పెయిన్‌లో గడిపి ఇంటికి బయల్దేరినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. మోర్వెనా రెండు చేతులూ ఊపింది. బండి వెనక్కి వచ్చింది. ఒక చెయ్యి చాపింది. బండి అటు తిరగలేదు. అరచేయి ఎత్తి చూపించింది. ఆగలేదు. రెండో చెయ్యీ ఎత్తి "ఆగు, ఆగు" అని కేకపెట్టింది. అప్పుడు బండి ఒక్క ఉదుటున ఇందాకటికంటే జోరుగా వెనక్కి వచ్చింది. ఆమె పక్కకి తప్పుకునేలోపు హద్దుగా ఉన్న పొదలోంచి దూసుకుపోయి, పక్క స్థలంలో ఉన్న మడత బల్లనీ కుర్చీనీ నొక్కేసి ఆగింది.

కుర్చీలో ఎవరూ లేరు. అందులో కూర్చునే ఫ్రెంచావిడ కాఫీ కెటిల్ చేత్తో పట్టుకుని అప్పుడే కారవాన్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

హెడ్లీ దిగాడు. ఇంగ్లండులో కార్న్‌వాల్ పల్లె రోడ్ల మీద, రెండు గోడల మధ్య ఇరుకుదారుల్లో ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఒక్క గీత కూడా పడనివ్వలేదని చెప్పుకునే మనిషి. విరిగిన బల్ల వైపు చూడలేదు. కుర్చీల్లోంచి లేచి నిలబడ్డ జనం వైపు తిరిగి, "చెయ్యి ఊపమంటే నాట్యం చేస్తుందండీ ఈవిడ. ఎక్కడో నిలబడి ఊపితే నాకేం తెలుస్తుంది" అన్నాడు. ఇంగ్లీషు రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా పెళ్లాం వైపు చెయ్యి విసిరాడు. ఎవరో డచ్చివాళ్లు ఇద్దరు నవ్వారు.

మోర్వెనాకి తల కొట్టేసినట్టయింది. అయినా పొద సందులోంచి అటు వెళ్లి, తనకొచ్చిన కొద్దిపాటి ఫ్రెంచిలో, "క్షమించండి మదామ్. తప్పు నాది" అంది. బల్ల కాళ్లు వంచి చూసింది. అవి ఇక నిలబడేలా లేవు. వెనక్కి వెళ్లి తమ బల్లనీ, రెండు కుర్చీల్లో తన కుర్చీనీ తెచ్చి ఆవిడ గుమ్మం ముందు వేసింది.

ఆవిడ పేరు ఒదీల్. వద్దు వద్దంటూనే కుర్చీ తీసుకుని, అందులో కూర్చోకుండా, మోర్వెనా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించి అడిగింది.

"మీరు చెయ్యి ఎత్తారు. నేను కిటికీలోంచి చూశాను. మరి తప్పు నాదని ఎందుకన్నారు?"

మోర్వెనా మాట కోసం వెతుక్కుంది. ఫ్రెంచి రాకపోవడం వల్ల కాదు. కాసేపటికి, "అలవాటు మదామ్" అంది.

ఆ సాయంత్రం హెడ్లీ ఉన్న ఒక్క కుర్చీలో నది వైపు తిరిగి కూర్చున్నాడు. మోర్వెనా బండి మెట్టు మీద కూర్చుని ఒళ్లో పళ్లెం పెట్టుకుని తింది. అవతల ఎవరో ఇనప గుళ్ల ఆట ఆడుతున్నారు, గుండూ గుండూ తగిలిన చప్పుడు, తరవాత నవ్వులు. ఆమె అక్కడే నిర్ణయించుకుంది. రోస్కాఫ్ రేవులో ఇంగ్లండు ఓడెక్కాక, డెక్కు మీద గాలిలో నిలబడినప్పుడు చెప్పాలి: వచ్చే ఏడు నుంచి నువ్వొక్కడివే వెళ్లు, నేను ఇంటిపట్టున ఉంటాను. మాటలు కూడా సిద్ధం చేసుకుంది. పోట్లాటలా ఉండకూడదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాలి. ఆ మాటలు మనసులో ఒకసారి అనుకోగానే ఆమెకి ఏడుపు రాలేదు సరికదా, కాస్త తేలిగ్గా అనిపించింది. అందుకు భయం వేసింది.

*

ఓడకి ఇంకా రోజులున్నాయి. ఉన్నా కూడా మామూలుగా హెడ్లీ తొందరపెట్టే మనిషే. ఈసారి మాత్రం ఏ క్యాంపులో ఆగినా "ఇంకో రోజు ఉందాం" అంటున్నాడు. జూన్‌లో అతనికి డెబ్బై నిండుతాయి. లైసెన్సు కొత్తగా తీసుకోవాలి, చూపు బాగుందని సంతకం పెట్టాలి. ఆ కాగితాలు ఇంట్లో ఎదురు చూస్తుంటాయని బయల్దేరేటప్పుడు ఆమె గుర్తు చేస్తే, "చూద్దాంలే" అన్నాడు. ఇంటికి వెళ్లి చేసే పనేముంది గనక, అందుకే నాన్చుతున్నాడని ఆమె అనుకుంది.

రోడ్డు మీద వాళ్ల పద్ధతి ఒకటి ఉంది. వాళ్ల బండికి స్టీరింగు కుడివైపు. ఫ్రాన్స్‌లో కుడిపక్కన నడపాలి. అంటే డ్రైవరు గట్టు పక్కనా, పక్క సీటు మనిషి రోడ్డు మధ్యనా కూర్చుంటారు. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో ఆ పక్క సీటు మనిషే చూసి చెప్పాలి. "వస్తోందా?" అంటాడు హెడ్లీ. "ఆగు. తెల్ల కారు. ఇప్పుడు వెళ్లు" అంటుంది మోర్వెనా. ఎన్నో ఏళ్లుగా ఇదే సంభాషణ. ఇదివరకు మధ్యలో వేరే మాటలు కూడా ఉండేవి. ఇప్పుడు ఇది మాత్రమే మిగిలింది. పైగా ప్రతి కూడలిలోనూ "ఆ బోర్డు మీద ఏముంది?" అంటున్నాడు. ఫ్రెంచివాళ్లకి అక్షరాలు రాయడం చేతకాదని తిడుతున్నాడు.

ఇంకొకటి కూడా ఆమె గమనించింది. ఎదురుగా క్యాంపర్ బండి వస్తే, ఏ దేశం వాళ్లదైనా సరే, చెయ్యెత్తి పలకరించుకోవడం దారిలో మర్యాద. హెడ్లీ స్టీరింగు మీంచి రెండు వేళ్లు లేపేవాడు, పోప్‌గారు దీవించినట్టు. ఆ రెండు వేళ్లు చూసి ఆమె నవ్వేది. ఇప్పుడు లేపడం లేదు. ఎదుటివాళ్లు నవ్వుతూ చెయ్యి ఊపి, ఇటు నుంచి ఏమీ రాక మొహం ముడుచుకుని వెళ్లిపోతున్నారు. గర్వం కాబోలు, వయసుతో పాటు మర్యాద కూడా పోతోంది కాబోలు అనుకుని, పక్క సీట్లోంచి తనే ఊపుతోంది.

మాట్లాడేటప్పుడు ఆమె మొహంలోకి చూడటం కూడా మానేశాడు. చెవి వైపో, భుజం మీదుగా పొద వైపో చూస్తూ మాట్లాడతాడు. టీ ఇస్తే కప్పు వైపు చూడకుండా చెయ్యి చాపుతాడు. ఇన్నేళ్లు కాపురం చేశాక మొగుడు మొహంలోకి చూడకపోతే దానికి అర్థం వెతకడానికి తెలివితేటలు అక్కర్లేదని ఆమె అనుకుంది. వెతకలేదు కూడా. పొద్దున్నే క్యాంపు ఆఫీసుకి వెళ్లి ముందు రోజు చెప్పి ఉంచిన రొట్టె తెచ్చేది. కరెంటు తీగ చుట్టేది, బండి ఒరగకుండా చక్రాల కింద పెట్టిన ప్లాస్టిక్ మెట్లు తుడిచి పెట్టెలో సర్దేది. పక్క బండ్ల వాళ్లతో "బోంజూర్" అనేది, వాళ్లూ అనేవారు. రోజు మొత్తం మీద ఆమె నోట వచ్చిన మాటల్లో ఎక్కువ భాగం ఎదురొచ్చే బండ్ల రంగులే.

*

నియోర్ ఊరి దగ్గర కాలవల మధ్య ఒక చిన్న క్యాంపు. నీళ్ల మీద పచ్చటి నాచు, పల్చటి పడవలు. అక్కడ కూడా హెడ్లీ "ఇంకో రోజు" అన్నాడు.

క్యాంపుల్లో గిన్నెలు కడగడం మగవాళ్ల పని. ఇంటి దగ్గర సింకు ఎటు పక్కనుందో తెలియనివాళ్లు కూడా ఇక్కడ సాయంత్రం ప్లాస్టిక్ తొట్టి నిండా గిన్నెలు పెట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, వరసగా ఉన్న సింకుల దగ్గరికి నడుస్తారు. అది వాళ్ల రచ్చబండ. ఎవరి బండి ఎంత డీజిల్ తాగుతుందో, ఏ ఊళ్లో స్థలం బాగుంటుందో అక్కడే తేలుస్తారు. హెడ్లీ తొట్టి ఎత్తుకుని వెళ్లాడు. గిన్నెలు తోమే బ్రష్ బండిలోనే మర్చిపోయాడు. మోర్వెనా దాన్ని తీసుకుని వెనకే వెళ్లింది.

సింకులకీ దారికీ మధ్య చెక్క తడిక ఉంది. అవతల హెడ్లీతో పాటు వాళ్ల దేశంవాడే, ఒక యార్క్‌షైర్ మనిషి ఉన్నాడు. పొద్దున వాళ్ల పక్కన బండి పెట్టినవాడు, సెల్విన్ అని చెప్పాడు. గొంతు పెద్దది.

"మా ఆవిడ వెనక నిలబడి చెయ్యి ఊపితే విమానం దింపుతోందనుకుంటారు జనం" అంటున్నాడు సెల్విన్. "నోటితో కుడి అంటుంది, చెయ్యి ఎడమకి చాపుతుంది. నేను దేన్ని నమ్మాలయ్యా? మీ ఆవిడ ఎలా?"

మోర్వెనా తడిక దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు నా నాట్యం సంగతి చెబుతాడు అనుకుంది. వినే వెళ్దామనుకుంది, ఓడ మీద చెప్పే మాటలకి బలం వస్తుందని.

"మా ఆవిడ బాగానే చూపిస్తుంది" అన్నాడు హెడ్లీ. "నాకే కనబడటం లేదు."

కుళాయి చప్పుడు ఆగింది. "అంటే?"

"మధ్యలో మరకలా ఉంటుంది. రెండు కళ్లలోనూ. అంచులు బానే ఉన్నాయి. మనిషి వంక సూటిగా చూస్తే టోపీ ఉంటుంది, బూట్లుంటాయి. మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. పక్కకి చూస్తే కాస్త దొరుకుతుంది."

"డాక్టరు?"

"స్పెయిన్‌లో చూపించుకున్నా, ఆవిడ సంతకి వెళ్లినప్పుడు. తగ్గేది కాదన్నాడు. బండి మానెయ్యమన్నాడు."

"మరి ఇక్కడిదాకా ఎవరు నడిపారు?"

"నేనే."

సెల్విన్ సింకులో గిన్నె పెట్టిన చప్పుడైంది. తరవాత ఆ పెద్ద గొంతు తగ్గించి, "ఆవిడకి తెలీదా? చెప్పవయ్యా బాబూ" అన్నాడు.

"చెప్తే ఇక బండి ఉండదు. బండి లేకపోతే మా ఇద్దరికీ ఇంకేం లేదు" అన్నాడు హెడ్లీ. "మొన్న నది దగ్గర అద్దంలో ఆవిడ కోసం చూశా. ఎర్ర కోటు, ఎప్పుడూ ఉండే చోటే. లేదు. కేక వినబడేసరికి కంగారులో బ్రేకు మీద పడాల్సిన కాలు వేరే దాని మీద పడింది. ఎవరిదో బల్లా కుర్చీ పోయాయి. అందరూ చూస్తున్నారు. నోటికొచ్చింది ఆవిణ్ణి అనేశా."

"కుర్చీలో మనిషుంటే?"

"రోజూ అదే అనుకుంటున్నా."

మోర్వెనా బ్రష్ ఇవ్వకుండానే వెనక్కి వచ్చేసింది. మొదట వచ్చింది కోపమే. ఇన్నాళ్లూ లారీల పక్కనుంచి, స్కూళ్ల ముందు నుంచి, వంతెనల మీదుగా తనని ఇలా తీసుకొచ్చాడు. ఆ ఫ్రెంచావిడ కాఫీ కోసం లేవకపోయి ఉంటే ఏమయ్యేది. ఆ కోపం కింద ఇంకొకటి ఉంది, అది ఇంకా ఎక్కువ నొప్పి పెట్టింది. పొద్దున పరిచయమైనవాడికి చెప్పాడు, తనకి చెప్పలేదు.

అతను తొట్టితో వచ్చాడు. "బ్రష్ మర్చిపోయా."

"ఇక్కడే ఉంది" అంది.

అతను కుర్చీలో కూర్చుని రేపటి దారి గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆమె లోపలికి వెళ్లి ఎర్ర కోటు తొడుక్కుని వచ్చింది. గడ్డి మీద చప్పుడు కాకుండా నడిచి, అతని ఎదురుగా, బండి వెనక్కి తీసేటప్పుడు ఉండేంత దూరంలో నిలబడింది. వెలుతురు ఇంకా పోలేదు. అతని మొహం సరిగ్గా తన వైపే ఉంది. మోర్వెనా అరచేయి ఎత్తి చూపించింది. అతను రోస్కాఫ్ దాకా రెండు రోజుల్లో వెళ్లొచ్చని చెబుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి దించలేదు. చెప్పడం అయ్యాక జవాబు కోసం చూసి, రాకపోయేసరికి, "వెనా, ఎటెళ్లావు?" అన్నాడు.

ఆమె చెయ్యి మెల్లగా దించుకుని, "ఇక్కడే ఉన్నా" అంది.

*

పొద్దున హెడ్లీ స్నానం చేసి వచ్చేసరికి ఆమె డ్రైవరు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"తాళం ఇటివ్వు."

"ఎందుకు?"

"నేను నడుపుతా."

"నువ్వా? ఊళ్లో ఆ చిన్న కారు తిప్పడం కాదిది. క్లచ్ గట్టిది, నీ మోకాలు..."

"నిన్న బ్రష్ పట్టుకుని నీ వెనకే వచ్చా, హెడ్లీ."

అతను గేటు వైపు మొహం తిప్పుకున్నాడు. జేబులోంచి తాళం తీసి చాపాడు, ఆమె చేతికి కాస్త పక్కగా. ఆమె అందుకుంది. అతను బండిని చేత్తో తడుముకుంటూ అవతలి వైపు వెళ్లాడు.

క్లచ్ నిజంగానే గట్టిది. మొదటి ఊరు దాటేలోపు మూడుసార్లు బండి ఆగిపోయింది. ప్రతిసారీ అతని కాలు కూడా కింద నేలని నొక్కింది. నోరు మాత్రం నొక్కిపెట్టుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒక కాలవ గట్టున అలసిపోయి పడుకున్నారు. మర్నాటికి ఆమె కాలికి క్లచ్ లొంగింది. మధ్యాహ్నానికి బ్రెతాన్య్ ప్రాంతం చివరికి, సముద్రం వాసన వచ్చే చోటికి చేరారు. అటూ ఇటూ ఆర్టిచోక్ కూరగాయ తోటలు. ఆ ముళ్ల మొగ్గలు నిండా వేసుకుని ఒక ట్రాక్టరు వాళ్ల ముందుకొచ్చి, నత్తలా నడవసాగింది.

మోర్వెనా అలవాటులో అడిగేసింది. "వస్తోందా?"

రోడ్డు మధ్య వైపు కూర్చున్నది ఇప్పుడు అతను. కిటికీ దించి తల బయటపెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తల లోపలికి తీసుకుని, "తెలీదు" అన్నాడు. రోడ్డు గురించి హెడ్లీ ఆ మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆమె గేరు తగ్గించి ట్రాక్టరు వెనకే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ నుంచి."

"ఆ యార్క్‌షైర్ ఆయనకి చెప్పావు."

"వాడు పొద్దున్నే వెళ్లిపోయే మనిషి. నువ్వుంటావు కదా."

"నేనూ ఉండేదాన్ని కాదు" అంది మోర్వెనా. "ఓడెక్కాక చెబుదామనుకున్నా. వచ్చే ఏడు నుంచి నువ్వొక్కడివే వెళ్లమని."

ఎదురుగాలికి ఒక ఆర్టిచోక్ ట్రాక్టరు మీంచి రాలి రోడ్డు మీద దొర్లింది. అతనికి అది కనబడి ఉండదు.

"కుర్చీ వల్లా?"

"కుర్చీ వల్ల కాదు. తప్పు నాదని వాళ్ల ముందు నేను అన్నాను చూడు, అందుకు."

"నేను అనమన్లేదే."

"అనమనక్కర్లేదు. నాకే వచ్చేస్తుంది ఆ మాట."

అతను ఒళ్లో ఉన్న మ్యాపుని మడిచాడు, మళ్లీ విప్పాడు. "ఇప్పుడో?" అన్నాడు చివరికి.

"ఇప్పుడు ట్రాక్టరు వెనక వెళుతున్నాం."

ఎదురుగా ఒక క్యాంపర్ బండి వచ్చింది. లోపలున్న ముసలాయన చెయ్యెత్తాడు. మోర్వెనా స్టీరింగు మీంచి రెండు వేళ్లు లేపింది. లేపాక ఆమెకి ఎందుకో చాలా దిగులేసింది. ఆ వేళ్లు చూసి నవ్వడానికి పక్కన ఎవరూ లేనట్టే ఉంది.

రోస్కాఫ్ దగ్గర ఆఖరి క్యాంపు రాళ్ల గోడ పక్కన, సముద్రానికి ఎదురుగా. ఓడ కోసం వచ్చినవాళ్లతో నిండిపోయింది. వాళ్లకి దొరికిన స్థలం రెండు బండ్ల మధ్య ఇరుకు సందు. జనం కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. స్టీరింగు దగ్గర ఆడమనిషిని చూడగానే ఒకాయన గ్లాసు పక్కన పెట్టి, చుట్ట చుట్టిన పత్రికతో దారి చూపిస్తూ లేచి వచ్చాడు. "ఆవిడ తీస్తోందా వెనక్కి? అయితే నా సైకిళ్లు పక్కన పెట్టుకుంటా" అన్నాడు నవ్వుతూ.

హెడ్లీ అప్పటికే దిగాడు. "నాకు కళ్లు సరిగ్గా కనబడవు. ఆవిడే నడుపుతుంది" అన్నాడు, అక్కడున్నవాళ్లందరికీ వినబడేలా. నది దగ్గర నాట్యం మాట అన్నది కూడా ఆ గొంతుతోనే. పత్రికాయన నవ్వు ఆపి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

మోర్వెనా రివర్స్ గేరు వేసి అద్దంలో చూసింది. గోడ ఉంది, పక్క బండి చక్రం ఉంది. హెడ్లీ లేడు. సరిగ్గా బండి వెనకే, ఏ అద్దానికీ అందని చోట నిలబడి ఉంటాడు, రెండు చేతులూ ఊపుతూ ఉంటాడు. అంతకాలం నడిపినవాడికి నిలబడే చోటు ఎక్కడో తెలియదు. ఎప్పుడూ నిలబడింది ఆమె. ఆమె కాలు బ్రేకు మీద అలాగే బిగించింది. కిటికీ దించింది.

"నాకు కనిపించేలా నిలబడు, హెడ్లీ" అంది. అరవలేదు.

అడుగుల చప్పుడైంది. అద్దం అంచులో ముందు ఒక మోచెయ్యి వచ్చింది, తరవాత భుజం, తరవాత మనిషంతా. చేతులు ఎత్తాడు. మొహం అద్దం వైపు లేదు. అవతలి రాళ్ల గోడ వైపు, సముద్రం వైపు తిప్పుకుని ఉన్నాడు. పక్కకి చూస్తే కాస్త దొరుకుతుంది అని తడిక అవతల విన్న మాట ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. చలికాలమంతా తన చెవి వైపూ, భుజం మీదుగా పొద వైపూ చూస్తూ మాట్లాడిన మనిషి అన్నిసార్లూ తననే చూస్తూ ఉన్నాడు.

ఆమె బ్రేకు మీంచి కాలు మెల్లగా తీసి, అతన్ని అద్దంలోంచి పోనివ్వకుండా, బండిని వెనక్కి తీసుకుంది.